కట్టయ్య కూత

పొద్దు వాలుతుంటే పసులకాపరి కట్టయ్య గుట్ట కింద నిలబడి కూత పెట్టాడు.

"హోయ్... హో హోయ్."

ఆవులు తలలెత్తకముందే పొదల్లోంచి గోధుమరంగు కుక్క ఉరికింది. ఒక్క పశువునూ కరవకుండా మందనంతా చుట్టి బండ్లబాట మీదికి తోలింది.

కట్టయ్య మొహం మాడిపోయింది.

ఆ కుక్క పర్శరాములుది. అతనిది ఏ ఊరో. గొర్రెలన్నీ రోగానికి పోతే, మిగిలిన కుక్కను వెంటబెట్టుకొని సర్కారుకు లెవీ ధాన్యం కొలిచే రోజుల్లో వచ్చాడు. గుట్టమీద గుడిసె వేసుకున్నాడు. ఎప్పుడూ దగ్గుతుంటాడు.

"నీ కుక్కను కట్టేసుకోరాదు? నా మందల దానికేం పని?" అన్నాడు కట్టయ్య.

"నేను పంపలేదన్నా." కుక్క వెనకే గుట్ట దిగివచ్చిన పర్శరాములు నవ్వబోయి దగ్గాడు.

కట్టయ్య కుంటుకుంటూ ఊళ్ళోకి వచ్చేసరికి శ్యామలమ్మ బావి దగ్గర నీళ్ళు చేదుతోంది.

"ఇగ నువ్వు ఇంట్ల పండు కట్టయ్యా. కుక్కనే మేపుకొస్తది."

నలుగురూ నవ్వారు. అటుగా వచ్చిన పటేలు మాత్రం నవ్వలేదు.

"నీ కాలు సాగుతలేదు. మొన్న నా ఎద్దు చేన్ల పడ్డది. ఉగాదికి మంద ఎవలికియ్యాల్నో సూద్దాం."

పటేలు చూపు మంద వెంట వచ్చిన కుక్క మీదే ఉంది.

ఊరి పసులను మేపడం కట్టయ్యకు తండ్రి నుంచి వచ్చిన పని. ఇంటింటా పెట్టే గింజలే అతని తిండి.

మర్నాడు మధ్యాహ్నం గుట్టమీద నుంచి కూత వినిపించింది.

"హోయ్... హో హోయ్."

కట్టయ్య ఉలిక్కిపడ్డాడు. చివర గొంతు విరిచే తీరుతో సహా అది తనదే. ఆవులు కూడా తలలెత్తి అటే చూశాయి.

ఒక కాపరి కూత ఇంకొకరు పెట్టరు. పొద్దున ఆ కూత వింటేనే ఇళ్ళల్లో పలుపులు విప్పుతారు. తండ్రి కట్టయ్యకు ఇచ్చిన ఆస్తి అదొక్కటే.

"వాడు నా కూత నేర్సుకుంటాండే. మందను గుంజుకుంటడు," అన్నాడు ఇంటికొచ్చి.

"జర పోయి అడుగరాదు?" అంది భార్య మొగిలమ్మ.

"దొంగను అడుగుతరానే?"

ఆ వారంలోనే పటేలు దూడ ముళ్ళకంచెలో పడి కాలు చీరుకుంది. బయటికి లాగింది కట్టయ్యే. చూసినవాళ్ళు ఎవరూ లేరు.

"కుక్క కరిసింది పటేలా," అన్నాడు.

పర్శరాములును పిలిపించారు. అతను వంగి దూడ కాలు చూశాడు. గాయంలో విరిగిన ముల్లును మెల్లగా తీసి గుప్పిట్లో దాచుకున్నాడు. కట్టయ్య వంక చూశాడు.

"నిజమేనారా?" అన్నాడు పటేలు.

"అన్న ఎందుకు అబద్ధమాడుతడు? రేపు పోత పటేలా."

తెల్లవారి కట్టయ్య వీధి నడుమ నిలబడి గొంతు నిండా కూత పెట్టాడు. చాన్నాళ్ళకు పాణం హాయిగా ఉంది.

తన ఇంటి వాకిట్లోంచే గోధుమరంగు కుక్క ఉరికివచ్చింది. వాకిళ్ళలోంచి వస్తున్న పశువులను ఒక్కొక్కటే కలుపుకుంది. ఊరి చివర మందను నిలబెట్టింది. తిరిగి వచ్చి కట్టయ్య కాళ్ళ దగ్గర కూర్చుంది. దాని వెంటే పటేలు దూడ కూడా కుంటుకుంటూ వచ్చింది.

"కరిసే కుక్క అంటివి. దూడ దాని మూతి నాకవట్టె?" అంది శ్యామలమ్మ.

కట్టయ్య తన వాకిట్లోకి నడిచాడు. మొగిలమ్మ వైపు తిరిగాడు.

"వాడేడి?"

"పొద్దుగాల్నే పోయిండు. వరంగల్ దవాఖానకట. ఈ దగ్గుతోని మళ్ళ వస్తనో రానో అన్నడు."

"కుక్కను మర్సిపోయిండా?"

"మర్సిపోలే," అంది మొగిలమ్మ. "నీ కాలు సూసిన్నాటి సంది దీనికి తన ఈల మర్పిచ్చి నీ కూతనే నేర్పిండట, నీకు ఇచ్చి పోదామని."