వెనకాల వచ్చిన మనిషి

కాలరక్క కుట్టిన కాలర్‌ని బట్టల ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ అటూ ఇటూ తిప్పి చూశాడు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

"ఖాళీల్లేవమ్మా" అన్నాడు.

"గేటు మీద పది మంది కావాలని బోర్డు ఉందే?"

"అది నిన్నటిది. తీయడం మరిచిపోయారు."

కిందటి వారమూ ఇదే పాట. అప్పుడు నోరు జారి, "యాభైకి దగ్గరపడ్డావు, ఇంక ఇంటిపట్టున ఉండు" అని కూడా అన్నాడు.

ముప్పై ఏళ్లు కాలర్లు కుట్టి, అదే పేరుగా స్థిరపడిపోయిన మనిషికి చెప్పాల్సిన సలహాయేనా అది? ఇంట్లో మొగుడు మంచాన పడ్డాడు. ఆమె కుట్టకపోతే పొయ్యి వెలగదు.

ఉద్యోగాల్లో వివక్ష మీద ఫిర్యాదులు తీసుకునే ప్రభుత్వ ఆఫీసుకి, అతనా మాట అన్న రోజే వెళ్లింది. అధికారి అంతా రాసుకున్నాడు.

"అతనలా అన్నాడనడానికి సాక్ష్యం లేదు కదమ్మా. వచ్చే సోమవారం మళ్లీ మనుషుల్ని తీసుకుంటారట. వెళ్లి ఇంకోసారి అడగండి" అన్నాడు.

ఇవాళ వచ్చి అడిగినందుకు ఇదీ దక్కింది.

కాళ్లు పీకుతుంటే కాలరక్క ఫ్యాక్టరీ వరండాలో బల్ల మీద కూలబడింది. అంతలో ఒకామె మెట్లెక్కి లోపలికి వెళ్లింది. పాతికేళ్లుంటాయేమో. నాలుగు మెట్లకే ఆయాసపడింది.

తెరిచి ఉన్న తలుపులోంచి అంతా కనబడుతూనే ఉంది. ఆమె కుట్టిన కాలర్ ఒక మొన పైకి, ఒక మొన కిందికి.

"పర్లేదు, నేర్చుకుంటావులే. రేపట్నుంచి వచ్చెయ్" అన్నాడు సూపర్‌వైజర్.

కాలరక్కకి ఒళ్లు మండిపోయింది. ఆ పిల్ల బయటికి రాగానే అడ్డం నిలబడింది.

"సూది పట్టడం రాదు గానీ నా నోటి దగ్గర కూడు లాక్కున్నావు కదే."

ఆమె పక్కకు తప్పుకోబోయింది.

"నా ఉసురు తగులుతుంది నీకు. ఒక్కరోజు కూడా ఆ ఉద్యోగం నీకు అచ్చిరాదు."

ఆమె ఏదో చెప్పబోయి ఆగింది. "వెళ్లొస్తానక్కా" అని మాత్రం అని, తలొంచుకుని మెట్లు దిగిపోయింది.

"అక్కట, అక్క" అని మూతి తిప్పింది కాలరక్క.

రెండు నెలలకు ఆఫీసు నుంచి కబురొచ్చింది. వెళితే అధికారి ఒక కాగితం చేతికిచ్చాడు. ఒకటో తారీఖు నుంచి ఆమెకు ఉద్యోగం. ఇక మీదట ఆ ఫ్యాక్టరీ వయసు చూసి ఎవరినీ తిప్పి పంపకూడదు.

కళ్లు తుడుచుకుని తలెత్తిన కాలరక్క చూపు గోడ మీద ఆగిపోయింది. కొత్తగా తగిలించిన ఫొటో. కింద పుట్టిన తేదీ, పోయిన తేదీ.

"ఈ పిల్ల... పోయిందా?"

"పోయిన వారమేనమ్మా. చిన్నప్పటి నుంచీ గుండె జబ్బు."

కాలరక్క చేతిలో కాగితం బల్ల మీద పెట్టేసింది. కుర్చీ పట్టుకుని కూర్చుంది.

"పాడు నోరు బాబూ నాది. ఆ రోజు ఫ్యాక్టరీ దగ్గర శాపనార్థాలు పెట్టాను. తిరిగి ఒక్క మాట అనలేదు తల్లి."

"తెలుసమ్మా, నాతో చెప్పింది. ఆ సంగతి రాయకుండా మిగతాదంతా రాసింది. ఆస్పత్రి మంచం మీదే సంతకం పెట్టింది."

"దేని మీద?"

అధికారి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"మీ కేసులో సాక్ష్యం మీద. మీకు లేదన్న ఉద్యోగం వయసులో ఉన్నవాళ్లకి ఇస్తారేమో చూసి రమ్మని, ఆ సోమవారం మీ వెనకాలే మేం పంపిన మనిషమ్మా ఆవిడ."