ఎనిమిదిలో నాలుగు

నరేంద్రబాబు రొయ్యల ఫ్యాక్టరీలో ఆ ఉదయం లెక్కకు ఎనిమిది డిస్కులున్నాయి. బతికున్నవి నాలుగే. సర్వరు గదిలో డిస్కుల పెట్టె పై వరుస పచ్చగా వెలుగుతోంది, కింది వరుసలో నాలుగు దీపాలూ ఆరిపోయి ఉన్నాయి.

"వారంలో ఇది నాలుగోసారమ్మా! కోల్డు రూముల చలి లెక్కలన్నీ దీంట్లోనే ఉండాయి. మూడు గంటలకు కొనేవాళ్ళ మనిషొస్తాడు. లెక్క చూపకపోతే నా కంటెయినరు కృష్ణపట్నం పోర్టు ముఖం కూడా చూడదు!"

అంటూనే ఆ పెట్టె మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచాడు. ఆయన అంతే, కారు దిగీ దిగగానే ఫ్యాక్టరీ అంతా చుట్టేస్తాడు. కారు బానెట్టయినా, ఐసు మిషనయినా, పక్కనున్న మనిషి వీపయినా, మాట తర్వాత, చెయ్యి ముందు.

నెల్లూరు నుంచి వచ్చిన కంప్యూటరు మెకానిక్ వనజాక్షి పెట్టె ముందు కూర్చుంది. కరెంటు ఆపింది. డిస్కులన్నీ బయటికి లాగి, నంబర్లు రాసుకుని, పై వరుసవి కిందా, కింది వరుసవి పైనా పెట్టి మళ్ళీ కరెంటు వేసింది. ఈసారీ కింది నాలుగే ఆరిపోయాయి.

"డిస్కులు మంచివే సార్. ఏ డిస్కు పెట్టినా కింది వరుసలోనే ఆరతా ఉంది."

"మరి మీకంటే ముందొచ్చినోడు రెండు కొత్త డిస్కులు కొనిపించినాడే?"

"అవసరం లేదు సార్."

"అవసరం లేదా!" నరేంద్రబాబు గొంతు గది దాటి ప్యాకింగు హాలు దాకా వెళ్ళింది. "అందరూ కలిసి నన్ను వలిచిన రొయ్యను చేసినారు గదరా!"

పెట్టె వెనక రెండు లావుపాటి కేబుళ్ళున్నాయి, వరుసకొకటి. వనజాక్షి ఒకదాని చోట ఇంకొకటి పెట్టింది. ఇప్పుడు కింది వరుస వెలిగింది, పై వరుస ఆరింది.

"దొరికింది సార్. తప్పు ఈ కేబులుది. చూడండి, ప్లగ్గుకుండే కొక్కెం విరిగింది. పట్టు లేదు. కాస్త అదిరితే చాలు, పక్కకు జరుగుతుంది." ఆమె ప్లగ్గును లోపలికి నొక్కింది. ఎనిమిది దీపాలూ వెలిగాయి. "కొత్త కేబులు వచ్చిందాకా దీన్ని ఎవురూ కదపకండి."

సంతోషించాల్సింది పోయి నరేంద్రబాబు ఇంకా రెచ్చిపోయాడు.

"అదిరితేనా? అయితే అదిరించినోడు ఎవుడు?" ఆయన వేలు తలుపు దగ్గర నిలబడ్డ కంప్యూటరు ఆపరేటరు హెబ్రోను మీదికి వెళ్ళింది. హెబ్రోను సంచీ అప్పటికే సర్ది గుమ్మం బయట ఉంది. పొద్దునే ఉద్యోగంలోంచి తీసేశానని చెప్పాడు ఆయన. "ఆదివారం సెలవడిగినాడు, ఇయ్యలేదు. ఆ కసి!"

"సార్, నేను మొన్ననే చెప్పబోయినా..."

"నోరు ముయ్!"

"సార్, ఆ పిల్లోడు కాకపోవచ్చు," అంది వనజాక్షి.

"కాకపోతే ఎవురో తేలుద్దాం. లెక్కలో దొంగ దాక్కోలేడమ్మా. రెండు పుస్తకాలు పక్కపక్కన పెడితే చాలు. ఇవి ఎప్పుడెప్పుడు ఆరినాయో దీంట్లో ఉంటదా?"

"నిమిషంతో సహా."

"మస్తాన్! గేటు పుస్తకం తే! ఎవుడు దొరికినా సరే, నా సొంత తమ్ముడైనా సరే, ఈ గదిలో మళ్ళీ కాలు పెట్టనీను!"

వాచ్‌మన్ మస్తాన్ పుస్తకం పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. వనజాక్షి తెర మీద చూసి చదివింది: సోమవారం తొమ్మిదీ ఇరవై. మంగళవారం పదకొండూ యాభై. గురువారం నాలుగూ అయిదు. ఈరోజు పదీ పదిహేను.

"మంగళవారం హెబ్రోను రాలేదు సార్," అన్నాడు మస్తాన్ పేజీ తిప్పుతూ. "వాళ్ళమ్మను అల్లూరు ఆస్పత్రికి తీసకపోయినాడు. గురువారం మన ఇంజనీరు సెలవు. నాలుగుసార్లూ లోపల ఉన్నోడు ఈ పుస్తకంలో ఒక్కడు కూడా లేడు."

"లేకుండా ఎట్టా పోతాడ్రా? దయ్యం వొచ్చి పీకిందా? నువ్వు నిద్రపోయినావు, అదీ సంగతి! నీక్కూడా సంచీ సర్దిస్తా!"

మస్తాన్ ముఖం గంటు పెట్టుకున్నాడు. "నేను నిద్రపొయ్యే రకం కాదు సార్. ఇది చిన్న గేటు పుస్తకం. పెద్ద గేటుకు వేరే పుస్తకముండాది. తీసినప్పుడల్లా టైము రాయమని మీరే గదా చెప్పింది?"

"మరి దాచిపెట్టినావేరా? చదువు! గట్టిగా, అందరికీ వినబడేటట్టు!"

హెబ్రోను తల దించుకున్నాడు. మస్తాన్ చదివాడు.

"సోమవారం తొమ్మిదీ పదహారు. మంగళవారం పదకొండూ నలభై అయిదు. గురువారం సరిగ్గా నాలుగు. ఈరోజు పదీ పది."

"దొరికినాడు!" నరేంద్రబాబు కళ్ళు మెరిశాయి. "వొచ్చిన నాలుగైదు నిమిషాల్లో పని కానిచ్చినాడు! చూసినావా తల్లీ, లెక్కంటే ఇదీ! చెప్పరా మస్తాన్, పెద్ద గేటు తీసింది ఏ దొంగ నాయాలికి?"

మస్తాన్ పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు.

"లారీలకు వెనక దారి, మనుషులకు చిన్న గేటు. పెద్ద గేటు మీ కారుకొక్కదానికే గదా సార్ తీసేది."

గుమ్మం బయటున్న సంచీని హెబ్రోను మెల్లగా లోపలికి జరుపుకున్నాడు.

"అంటే ఏందిరా?" నరేంద్రబాబు ముఖం ఎర్రబడింది. "నేనా దొంగని? నా పెట్టెను నేనే చెడగొట్టుకుంటానా?"

ఎప్పటిలాగే మాట పూర్తయ్యేలోపే చెయ్యి లేచి పెట్టె మీద దభీమని పడింది.

నాలుగు దీపాలు ఆరిపోయాయి.

పొద్దున బతికున్నవి నాలుగు. ఇప్పుడూ నాలుగే. మొత్తం మీద మిగిలిన లాభం ఒక్కటి: దొంగ దొరికాడు.