మడవని స్టాండు

"ఈ బండి సరిగ్గా నిలబడటం లేదు అన్నయ్యా. ఎడమపక్కకి మరీ ఒరిగిపోతోంది."

మెకానిక్ తలెత్తి చూశాడు. ఆమెకి నలభై దాటి ఉంటాయి. మోటార్‌సైకిల్‌ని చాలా దూరం నుంచి తోసుకొచ్చినట్టుంది, రొప్పుతోంది. మోచేతి కింద చర్మం కమిలి నల్లబడింది. అతని చూపు అటు పడగానే ఆ చేతిని వెనక్కి పెట్టుకుంది.

సైడ్ స్టాండు దించి చూశాడు. నిజమే. బండి తప్పతాగి గోడకి జారగిలబడ్డ మనిషిలా ఉంది.

"దీన్ని ఎక్కేదెవరమ్మా?"

"మావారు. పొద్దున ఎనిమిది కొట్టేసరికి బండెక్కాల్సిందే. కాస్త ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరేస్తారు."

"మరి ఆయన్నే తెమ్మనకపోయారా?"

"ఆయన రారు."

మెకానిక్ స్టాండు విప్పాడు. బోల్టు అరిగి సన్నబడింది. అది తిరిగే కన్నం సాగి కోలగా అయిపోయింది. కన్నం సరిచేసి కొత్త బోల్టు వేశాడు. వంగిన కడ్డీని ఎర్రగా కాల్చి తిన్నగా కొట్టాడు. కింద అరిగిపోయిన చోట ఇనుపముక్క అతికాడు. మళ్ళీ దించితే, బండి ఉండాల్సినంతే ఒరిగి బుద్ధిగా నిలబడింది.

"ఇంక బెంగలేదు. తీసుకెళ్ళండి."

ఆమె మొహంలో ఏ మార్పూ లేదు. బండెక్కి కూర్చుంది. అటూ ఇటూ ఊపింది. ఉన్నట్టుండి రెండు కాళ్ళూ నేలకి తన్ని ముందుకి తోసింది. స్టాండు టక్కున వెనక్కి మడుచుకుంది. మెకానిక్ ఒక్క గెంతు గెంతి హ్యాండిల్ పట్టుకోకపోతే ఆమె బండితో సహా కిందపడేదే.

"ఇదిగో, ఇది! ఇలా మడుచుకోకూడదు. ఎప్పుడూ దించే ఉండాలి. కదలకుండా అతికించెయ్యండి" అంది.

మెకానిక్ నవ్వేశాడు. పాపం, తెలియక అడుగుతోందనుకున్నాడు.

"అలా అతికిస్తే ఇంకేమన్నా ఉందా తల్లీ! ఎడమపక్కకి మలుపు తిరిగినప్పుడు స్టాండు రోడ్డుకి తన్నుతుంది. మనిషిని ఎత్తి అవతల పారేస్తుంది. ప్రాణాలు పోతాయి."

"తెలుసు."

ఆ మాట ఎంతో మామూలుగా అంది. మెకానిక్ చేతిలో పానా కింద పెట్టాడు.

"ఇంట్లో ఏమన్నా గొడవలా?" అన్నాడు గొంతు తగ్గించి.

"అవన్నీ మీకెందుకు? చేస్తారా, చెయ్యరా?"

"ఆయనకి చెప్పారా ఈ సంగతి?"

"ఆయనకి తెలియకూడదు. ఎవరికీ తెలియకూడదనే మా వీధిలో షాపు వదిలేసి ఇంతదూరం వచ్చాను."

"నేను చెయ్యనమ్మా. నన్ను వదిలెయ్యండి."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "రోజూ ఈ నరకం ఎన్నాళ్ళు పడమంటారు? నావల్ల కావడంలేదు అన్నయ్యా" అంది. మళ్ళీ తనే కళ్ళు తుడుచుకుని, బండి తోసుకుంటూ వెళ్ళిపోయింది.

సాయంత్రం టీ కొట్టు దగ్గర, పక్క సందులో కిటికీ ఊచలు, గేట్లు చేసే వెల్డర్ కనిపించాడు.

"ఇవాళ ఒకావిడ చిత్రమైన పని చేయించుకుంది. సైడ్ స్టాండు ఎప్పటికీ లేవకుండా అతికించమంది. మనకెందుకులే అని అతికేశాను. పాపం తోయలేకపోతోందని ఇంటిదాకా నేనే తోసిపెట్టాను. నీళ్ళ ట్యాంకు వెనక వీధి, నీలం గేటు. కనీసం లోపలికి రమ్మని కూడా అనలేదు. గేటు బయటే ఆపి పంపించేసింది."

మెకానిక్ టీ డబ్బులిచ్చి లేచాడు.

ఇంటికెళ్ళి అన్నం కలిపి అలాగే వదిలేశాడు. అతనితోపాటే ఉంటున్న అక్క ఏమైందని అడిగింది. చెప్పకూడదనుకుంటూనే చెప్పేశాడు. బావ పోయింది అలాగే. స్టాండు తియ్యడం మర్చిపోయి బయల్దేరాడు. వీధి చివరి మలుపు కూడా దాటలేదు.

అక్క కంచం పక్కకి జరిపింది.

"ఆ రోజు మీ బావని చూసినవాళ్ళు దారిలో ఎంతమంది ఉండి ఉంటారో! ఒక్కరు కేకేస్తే సరిపోయేది" అంది. "ఆవిడ బాధలు ఏమైనా ఉండనీ. పొద్దున్నే వెళ్ళి ఆ మనిషికి ఒక్కమాట చెప్పిరా తమ్ముడూ."

పొద్దున్నే బయల్దేరాడు. ట్యాంకు వెనక వీధులన్నీ ఒక్కలాగే ఉన్నాయి. నీలం గేటు దొరికేసరికి ఎనిమిది కావస్తోంది. గొళ్ళెం మీద చెయ్యి వేశాడో లేదో, లోపల్నుంచి హారన్ మోగింది. ఆమె భర్త బండి ఎక్కేసినట్టున్నాడు. ఆ వెంటనే ఆమె గొంతు, "జాగ్రత్తండీ, ముందు మలుపుంది" అంటూ.

మెకానిక్‌కి ఒళ్ళు మండిపోయింది. చంపబోతూ జాగ్రత్తలు చెబుతోంది!

గేటు ఒక్క తోపు తోసి, "ఆగండి సార్! బండి తియ్యకండి! స్టాండు..." అని అరుస్తూ లోపలికి పరుగెత్తాడు.

వరండాలో, అతికిన స్టాండుతో అంగుళమైనా కదలని బండి మీద హెల్మెట్ పెట్టుకుని కూర్చున్న ఆ పెద్దమనిషి, చిన్నపిల్లాడిలా నోటితోనే ఇంజన్ చప్పుడు చేసుకుంటూ ఆఫీసుకి వెళ్ళిపోతున్నాడు, మలుపు వచ్చినప్పుడల్లా ఆయన ఎటు ఒరిగితే అటే ఒరుగుతూ, ఆయన పడిపోకుండా రెండు చేతులతో నడుం పట్టుకుని వెనక సీట్లో ఆమె కూర్చునుంది.