చుక్క ఉబ్బలేదు

“దీపాలార్పకు బాబూ!” అంటూ మేవిస్ మనవరాలు జెమ్మా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఉత్త ఆటేనమ్మా,” అంటూ మ్యూజియం చూపిస్తున్న పర్కిస్ బంకరులో దీపాలార్పేశాడు. రెండో ప్రపంచయుద్ధం నాటి రాడార్ తెర మీద పచ్చటి చుక్కొకటి సముద్రం మీంచి ఇంగ్లండులోని సఫోక్ ఒడ్డుకేసి కదిలింది. “చూడు పాపా, మన విమానంలో ఓ పెట్టె ఉంటుంది. పైలట్ అది వేస్తే చుక్క ఉబ్బుతుంది. ఉబ్బలేదా, శత్రువే. ఈ మీట నొక్కు, ఫిరంగులు కూల్చేస్తాయి.”

చుక్క ఉబ్బలేదు. జెమ్మా వేలు మీట మీదికి వెళ్ళింది.

“ఆగు! పెట్టె వెయ్యడం మర్చిపోయాడేమో!”

“అమ్మమ్మా, ఊరి మీదికొచ్చేస్తోంది!”

“ఆగమన్నానా!”

జెమ్మా ఆగింది. స్పీకర్లో ఢామ్మని పేలింది.

పర్కిస్ దీపాలు వేసి నవ్వాడు. “బాంబు పడింది. యుద్ధంలో మీరిక్కడుంటే ఊరు బూడిదేనమ్మా.”

“ఉన్నాను. ఆ తెర ముందు కుర్చీలోనే. పందొమ్మిదేళ్ళప్పుడు.” మేవిస్ తెరకేసి చూసింది. “నేను ఆగలేదు. శత్రువని చెప్పేశాను. కూల్చేశారు.”

జెమ్మా అమ్మమ్మకేసి తిరిగింది. “ఆ విమానం మనదా, శత్రువుదా?”

“చెప్పలేదు. ఎప్పటికీ అడగనని సంతకం పెట్టించుకున్నారు. యాభై ఏళ్ళుగా, ఆగి ఉంటేనా అనుకుంటున్నాను. ఇవాళ ఆగితే ఊరే పోయింది.”



మేవిస్ మెల్లగా వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది.

“దీపాలార్పు బాబూ. ఇంకోసారి వెయ్యి. ఈసారైనా ఉబ్బుతుందేమో.”