ఏడో మడి

“చెట్లు వద్దన్నాను కదా అత్తయ్యా.” కోడలు పెన్సిల్ బల్ల మీద పెట్టేసింది.

“నువ్వనడం విన్నాను. నేను సరేననడం నువ్వు విన్నావా?” అంది అత్త, స్టవ్ దగ్గర చేతులు కాచుకుంటూ.

బల్ల మీద పొలం పటం పరిచి ఉంది. పొలమంటే ఎంతో కాదు. ఏడు మడులు, ఒక బోరు, పనిముట్ల షెడ్డు. బయట మంచు ఇంకా విడలేదు. కిటికీ అద్దానికి ఆవిరి పట్టి ఒక్క మడీ కనబడటం లేదు. వచ్చే ఏడాది ఎక్కడ ఏం వెయ్యాలో ఈ చలిరోజుల్లోనే తేల్చుకోవాలి. రేపటికల్లా విత్తనాల కొట్టువాడికి జాబితా ఇవ్వకపోతే మంచి రకాలన్నీ ఎవరో ఒకరు ఎగరేసుకుపోతారు.

ఆరు మడుల దాకా పేచీ రాలేదు. టమాటా తీసిన చోట వంకాయ వద్దంది అత్త. రెండూ ఒకే జాతి, ఒకే తెగులు. అక్కడ చిక్కుడు వేస్తే నేల కాస్త తేరుకుంటుందంది. క్యాబేజీ ఎత్తు మడికి, గుమ్మడి కంచె పక్కకి. అత్త చెప్తూ పోయింది, కోడలు రాస్తూ పోయింది. నాలుగు నెలలుగా ఆమె అన్ని పనులూ అలాగే చేస్తోంది. మొగుడు పట్నంలో ఇంకో మనిషితో కాపురం పెట్టాడని తెలిసిన రోజు కూడా, చీకటి పడేదాకా ఉల్లినారు నాటి, చేతులు కడుక్కుని, భోంచేసి పడుకుంది. ఏడుపొస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. ఇప్పటికీ రాలేదు.

ఏడో మడి దగ్గరే చిక్కొచ్చింది.

“ముల్లంగి, పాలకూర వేద్దాం. నలభై రోజుల్లో చేతికొస్తాయి.”

“ఏమిటే నీ తొందర, రైలు తప్పిపోతున్నట్టు! దానిమ్మ రాయి. ఆ చివర రెండు అంజూర మొక్కలు.”

“కాపుకి రావడానికి మూడేళ్ళు పడుతుంది.”

“పట్టనీ.”

“అన్నాళ్ళూ నీళ్ళెవరు పెడతారు?”

“నువ్వు.”

“కొమ్మలు కత్తిరించేదెవరు?”

“నువ్వే. ఎలాగో నేను చూపిస్తాగా.”

వేసవి దాటగానే పుట్టింటికి వెళ్ళిపోవాలని కోడలు ఎప్పుడో అనుకుంది. అత్తకి చెప్పలేదు, అంతే. చెప్పాలంటే ఎక్కడినుంచో మాటలు కూడదీసుకోవాలి. ఆ ఓపిక లేదు.

ఫోను మోగింది. అత్త నంబరు చూసి, శాలువా బిగించుకుని వసారాలోకి వెళ్ళింది. తలుపు సగమే పడింది.

“చెప్పరా... ఎప్పుడు? వెళ్ళిపోయిందా?... జ్వరం ఎన్నాళ్ళనించి?... మంచినీళ్ళిచ్చే దిక్కు కూడా లేదా?... ఏడవకు. ఏడవకురా.”

ఆ తర్వాత గొంతు తగ్గిపోయింది. చాలాసేపు ఏమీ అర్థం కాలేదు. చివరికి ఒక్క మాట మాత్రం తేటగా వినబడింది. “సరే. ఎల్లుండి పొద్దుటి బస్సు.”

కోడలు ఆ మాటలన్నీ పక్కింటి రేడియో విన్నట్టు విన్నది. ఎల్లుండంటే ఒకందుకు నయమే, వేసవి దాకా ఆగక్కర్లేదు, అనుకుంది. బట్టలు సర్దుకోవడానికి గంట చాలు.

అత్త వచ్చి ఎదురుగా కూర్చుంది. చలికి ముక్కు ఎర్రబడింది. లేక చలికి కాదేమో.

“వాడే. విన్నావుగా.”

“విన్నాను.”

“ఆ మనిషి వదిలేసి పోయిందట. ఇంటికొచ్చేస్తానంటున్నాడు.”

“రానివ్వండి అత్తయ్యా. మీ కొడుకు, మీ ఇల్లు. ఎల్లుండి నేను మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోతాను.” ఆ గొంతు తనది కాదేమో అనిపించింది ఆమెకి.

అత్త ఉలిక్కిపడలేదు, బతిమాలలేదు. చెయ్యి చాపి పెన్సిల్ అందుకుంది. ఏడో మడిలో వంకర అక్షరాలతో ‘దానిమ్మ’ అని రాసి, పటాన్ని కోడలి వైపు తిప్పింది.

“వాడొస్తే నువ్వుండవు. నువ్వు లేకపోతే ఈ పొలం ఉండదు. అందుకే వాణ్ణి రావద్దన్నాను,” అంది. “వాడికి జ్వరం తగ్గేదాకా చూసుకోడానికి ఎల్లుండి బస్సెక్కేది నేను.”