నాలుగో కుర్చీ

"కాస్త గడ్డం పైకెత్తవే. దారం నీ ముక్కుకి తగులుతోంది."

"ముక్కు కోసి పక్కన పెట్టమంటారా? అరగంట నుంచి బొమ్మలా కూచోబెట్టారు. అవతల పొయ్యి మీద పాలు!"

వడ్రంగి వినిపించుకోలేదు. షెడ్డు గోడకి, వీడియో మీటింగు గదిలో తెర పైన కెమెరా ఉండే ఎత్తులో మేకు కొట్టి, దానికి దారం కట్టి, చెక్క చుట్టూ వేసిన ఒక్కో స్టూలు దాకా లాగి చూసి, చెక్క మీద సుద్దతో బల్ల అంచు గీస్తున్నాడు. దారం పక్కవాళ్లకి తగలకుండా వస్తే, అక్కడ కూచున్న మనిషి తెర మీద కనిపిస్తాడన్నమాట. అందుకే మీటింగు బల్ల తెర దగ్గర వెడల్పుగా, పోనుపోను సన్నంగా ఉండాలి. ఒక స్టూలు మీద పెళ్లాం, మిగతావాటి మీద బిందెలు. బిందెలు నోరు మూసుకుని కూచున్నాయి, అదొక్కటే నయం.

నలభై మీటింగు గదులకి నలభై బల్లల ఆర్డరు. ముందు ఒక్కటి చేసి చూపించాలి. అలా చూపించిన మూడూ వెనక్కొచ్చాయి. మేనేజరు వస్తాడు, ఒక్కో కుర్చీలోనూ కూచుంటాడు, ఎర్రటి కళ్లతో ఉరిమి చూస్తాడు, "ఏదో తక్కువైంది" అని వెళ్లిపోతాడు. ఏం తక్కువైందో చెప్పి చావడు. ఈ నాలుగోదీ తిరిగొస్తే షెడ్డుకి తాళమే.

"ఎవరైనా ఆవలిస్తే కొండనాలిక కూడా తెర మీద కనిపించాలన్నాడే, ఆ మహానుభావుడు."

"కనిపిస్తే మన అల్లుడి గతేంటి?"

అల్లుడు ఆ ఆఫీసులోనే గుమాస్తా. మనిషి తలుపంత వెడల్పు, మనసు వెన్న. ఉన్నదల్లా ఒకటే జబ్బు: మీటింగు మొదలైతే కునుకు ముంచుకొస్తుంది. గుర్రు పెట్టడు పాపం, కళ్లు మాత్రం మూతపడతాయి. పెద్దాఫీసువాళ్లు ఇప్పటికి రెండుసార్లు తెర మీద పట్టుకున్నారు. మూడోసారి దొరికితే ఇంటికి పంపేస్తామన్నారు.

"ఒక్క కుర్చీ, ఒకే ఒక్కటి, ఆ కెమెరా కంట పడకుండా పెట్టలేరూ?"

"నా చేత్తో నేనే పని చెడగొట్టుకోనా? ముప్పై ఏళ్లలో నా గీత వంకర పోలేదే!"

"కూతురి కాపురం కంటే మీకా గీత ఎక్కువా?"

"ఎక్కువే!" అనేసి, జిగురు కొనుక్కురావడానికి చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఆవిడ లేచింది. పాలు దించింది. తిరిగొచ్చి చెంగుతో సుద్దగీత చివర తుడిచేసి, నాలుగో కుర్చీ దగ్గర అంచు నాలుగు వేళ్లు బయటికి జరిపి మళ్లీ గీసి, అక్కడి స్టూలూ అంతే జరిపింది. దారం లాగి చూసింది. మూడో స్టూలు మీది బిందెకి అడ్డంగా తగిలి ఆగిపోయింది. ఆవిడకి తృప్తిగా ఉంది.

వడ్రంగి వచ్చాడు. పెళ్లాం చెంగుకి అంటిన సుద్ద చూశాడు గానీ, అడగలేదు. తన గీత అనుకునే కోశాడు.

బల్ల ఆఫీసు చేరింది, వెంట దారం ఉండతో వడ్రంగీ వెళ్లాడు. అత్తగారు చెప్పి పంపినట్టే అల్లుడు పరిగెత్తుకెళ్లి నాలుగో కుర్చీలో కూలబడ్డాడు. మేనేజరు ఒక్కో కుర్చీ చూసుకుంటూ వచ్చి అతని ముందు ఆగాడు.

"లే. ఆ మూడోదాంట్లోకి జరుగు."

అల్లుడు జరిగాడు. మేనేజరు నాలుగోదాంట్లో కూచుని, "దారం లాగవయ్యా" అన్నాడు.

వడ్రంగి లాగాడు. దారం అల్లుడి చెవికి తగిలింది. ఇంకోసారి లాగాడు. మళ్లీ చెవే. ఎదుటి తెర మీద ఆ గదే కనిపిస్తోంది. అందులో అందరూ ఉన్నారు. మేనేజరు లేడు. ఆయన ఉండాల్సిన చోట అల్లుడి భుజం ఉంది.

చెంగుకి అంటిన సుద్ద అప్పుడు గుర్తొచ్చింది వడ్రంగికి.

"సార్, పొరపాటైపోయింది. రేపు రంపం తెచ్చి సరిచేసేస్తాను."

మేనేజరు తెర వంక చూశాడు. కుర్చీలో వెనక్కి వాలి మళ్లీ చూశాడు.

"రంపం తెచ్చావంటే ఊరుకోను. నలభై బల్లలూ అచ్చం ఇలాగే చెయ్యి. ఒక్క వేలు తేడా రాకూడదు."

అల్లుడు మెల్లగా లేవబోయాడు. మేనేజరు అతని భుజం మీద చెయ్యేసి కూచోబెట్టాడు.

"ఇకమీదట నీ చోటిదే" అని, కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"కదిలావో, నా నిద్ర పాడవుతుంది."