మూడు పొడుగు, ఒక పొట్టి

“ఆ వాక్యం బోర్డు మీద ఉండటానికి వీల్లేదు” అంది మెర్ల్, టీ కప్పు పక్కకి నెట్టి.

“మళ్లీ మొదలెట్టావా? శనివారం ఆవిష్కరణ. అచ్చుకి ఇవాళే వెళ్లాలి” అన్నాడు చరిత్ర సంఘం అధ్యక్షుడు ల్యాల్.

అడవిలో తుప్పు పట్టిన బాయిలర్ పక్కన పెట్టే బోర్డు అది. పాత కోత మిల్లు కథ, అడవి మంటల్లో అది కాలిపోయిన రోజు కథ అందులో ఉంటాయి. చివరి వాక్యం ఇది: ‘బాయిలర్ మనిషి క్లారీ కుసాక్ హెచ్చరిక కూత వేయకుండా పారిపోయినందున తొమ్మిదిమంది చనిపోయారు.’

క్లారీ మెర్ల్ తండ్రి. బడిలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. పారిపోయినోడి కూతురనే పిలిచేవారు. ఇప్పుడామెకు డెబ్భై ఎనిమిదేళ్లు.

“మీ నాన్న శవం బాయిలర్‌కి అరమైలు దూరంలో దొరికింది మెర్ల్. రిపోర్టులో ఉంది.”

“ఆవిరి అయిపోయాకే కదిలాడు. అమ్మా నేనూ వాగులో తడి దుప్పటి కింద ఉన్నాం. పొద్దుట్నించీ బాయిలర్ ఆవిరి కూత వినిపిస్తూనే ఉంది.”

“బతికిన మిగతావాళ్లెవరూ వినలేదన్నారు. నీకప్పుడు ఆరేళ్లు.”

“నా మాట వద్దులే. వేరే సాక్షి ఉంటే?”

“ఎవరున్నారింకా?”

“బూట్లేసుకుని రా” అంది మెర్ల్.

అడవి అధికారి కిర్స్టీ కూడా బయల్దేరింది. లోయలోకి దిగేసరికి ల్యాల్ మడమల దాకా బురద, మేజోళ్ల మీద రెండు జలగలు. చెట్టంత ఫెర్నుల కింద, విన్న చప్పుడల్లా అచ్చం అలాగే పలికే లైర్ పిట్ట తోక విప్పి నిలబడింది. ముందు అడవిలోని పిట్టలన్నిటి గొంతులూ వినిపించింది. తర్వాత దాని గొంతులోనే కెమెరా క్లిక్కుమంది, మరరంపం గుర్రుమంది.

“రంపం వినిపించడానికా నన్ను జలగలకి మేపావు?” అన్నాడు ల్యాల్.

అప్పుడు వినిపించింది కూత. మూడు పొడుగు, ఒక పొట్టి. కాసేపాగి, మళ్లీ.

ల్యాల్ జలగని పీకుతున్నవాడు పీకుతున్నట్టే ఉండిపోయాడు.

“ఒక పొడుగు పనికి. రెండు పొడుగు ఇంటికి” అన్నాడు మెల్లగా. “మూడు పొడుగు, ఒక పొట్టి మంటలకి మాత్రమే. మిల్లు ఉన్న రోజుల్లో మంటలొచ్చింది ఒక్కసారే.”

“వీటి పాట తండ్రి దగ్గర్నించి కొడుక్కి వస్తుంది” అంది కిర్స్టీ. “రోజంతా మోగిన కూతయితే ఇన్ని తరాలు నిలిచి ఉండొచ్చు.”

ల్యాల్ టోపీ తీశాడు. “నలభై ఏళ్లుగా ఆ రిపోర్టే పట్టుకు వేలాడాను. నన్ను క్షమించు మెర్ల్.”

అక్కడే మోకాలి మీద కాగితం పెట్టి ఆ వాక్యం కొట్టేశాడు.

శనివారం ఊరు ఊరంతా వచ్చింది. గుడ్డ తొలగించి ల్యాలే చదివాడు: ‘క్లారీ కుసాక్ ఆవిరి అయిపోయేదాకా హెచ్చరిక కూత వేస్తూనే ఉన్నాడు.’ చప్పట్లు ఎంతకీ ఆగలేదు. చిన్నప్పుడు బడిలో ఆమెను అందరికంటే ఎక్కువ ఏడిపించిన డాట్ అనే ముసలామె కర్ర పొడుచుకుంటూ వచ్చి మెర్ల్ చెయ్యి పట్టుకుంది. మెర్ల్ తల ఎత్తుకుని నిలబడింది. డెబ్భై రెండేళ్లుగా మోసిన బరువు దిగిపోయింది, ఆమె సంతోషానికి పట్టపగ్గాలు లేవు.

జనం పలచబడ్డాక కిర్స్టీ అడిగింది. “అన్ని పిట్టలున్నాయి కదా మెర్ల్, సరిగ్గా అదే పాడుతుందని మీకెలా తెలిసింది?”

“పన్నెండేళ్లుగా ప్రతి ఆదివారం ఆ లోయకి వెళ్తున్నా కదమ్మా, నాన్న కోసం” అంది మెర్ల్, కేకు ముక్క తుంచుకుంటూ.

ఈల వేసి వేసి ఆ పిట్టకి ఆ కూత నేర్పింది మెర్లే.